2,501వ మనిషి కోసం

తెలుగులో ‘మిగులు’ మంచి మాటే. బడ్జెట్‌లో మిగులు కనిపిస్తే ఆర్థిక మంత్రి గొంతు ఒక శ్రుతి పైకి వెళుతుంది. కృష్ణలో మిగులు జలాలంటే రెండు తెలుగు రాష్ట్రాలూ ట్రిబ్యునల్ మెట్లెక్కుతాయి. 1973 నాటి భూసంస్కరణల చట్టం పుణ్యమా అని మిగులు భూమి కోసం ఎందరో కోర్టుల చుట్టూ చెప్పులరగ తిరిగారు. రాత్రి మిగిలిన అన్నానికి కూడా పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తోడొచ్చి మర్యాద జరుగుతుంది. ఎవరూ ‘నాది’ అనని మిగులు ఈ దేశంలో ఒక్కటే. మిగులు ఉద్యోగి.

మా వీధి చివర రిటైరైన సూపరింటెండెంటు గారొకరున్నారు. సర్వీసంతా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిపిన మనిషి. ఫైలు వాసన చూసి ఏ శాఖదో చెప్పగలరని ప్రతీతి. ఓ సాయంత్రం అరుగు మీద దొరికితే అడిగాను.

“బాబాయిగారూ, సర్‌ప్లస్ అంటే అసలెవరండీ? పని లేనివాడా?”

ఆయన నా వంక జాలిగా చూశారు.

“పని లేనివాడు సర్‌ప్లస్ ఎందుకవుతాడయ్యా? వాడికి పని లేదన్న సంగతి వాడికి తప్ప ఎవరికీ తెలియదు. సర్‌ప్లస్ అని కాగితం వచ్చినవాడే సర్‌ప్లస్. ఆ కాగితం అందుకునే రోజు కూడా వాడు పనిలోనే ఉంటాడు.”

ఇంత సూటి మాట ప్రభుత్వాలకు నచ్చదు. ఢిల్లీ వారు దీన్ని చాలా పొడుగ్గా రాసుకున్నారు. మిగులు సిబ్బందిని వేరేచోట సర్దేందుకు 1990లో చేసిన నిబంధనల ప్రకారం ఎవరు పడితే వారు మిగలడానికి వీల్లేదు. పర్మినెంటు అయి ఉండాలి. టెంపరరీ అయితే కనీసం అయిదేళ్ల సర్వీసు నిండాలి. సంస్థను పునర్వ్యవస్థీకరించినా, పనిని రాష్ట్రానికి అప్పగించినా, కొత్త యంత్రం వచ్చినా, పని కొలిచేవారు వచ్చి ‘మనుషులు ఎక్కువయ్యారు’ అని రాసిపోయినా మిగలవచ్చు. షరతేమిటంటే, మనిషి ఒక్కడే మిగలకూడదు. పోస్టుతో సహా మిగలాలి. పని కొలిచేందుకు ఆర్థిక శాఖలో 1964 నుంచీ ఒక యూనిట్ ఉంది. మిగిలినవారిని చూసుకునేందుకు 1966లో సర్‌ప్లస్ సెల్ అని ఒకటి పెట్టారు. సెల్ అనగానే మీకు జైలు గది గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు. నాకు నచ్చింది మాత్రం ఒకటుంది. ఎక్కువైన మనుషుల లెక్క తేల్చడానికి కొందరు మనుషులు, తేలినవారి ఆలనాపాలనకు మరికొందరు మనుషులు కావలసి వచ్చారు.

పోస్టుతో సహా అన్న ముక్కలోనే మర్మమంతా ఉంది. మనిషిని తీసేయాలంటే మెమో ఇవ్వాలి, సంజాయిషీ అడగాలి, విచారణాధికారిని వేయాలి, ఆ విచారణాధికారి రిటైరైతే ఇంకొకర్ని వేయాలి. పోస్టును తీసేయాలంటే ఒక సంతకం చాలు. తమిళనాడు గ్రామాధికారుల కేసులో 1982లో, మన కరణాలు మునసబుల కేసులో 1985లో సుప్రీంకోర్టు ఈ తేడాను ఖాయం చేసింది. పోస్టు రద్దు శిక్ష కాదంది. మనిషిని ఎవరూ తొయ్యలేదు, కుర్చీ లాగారంతే. పడితే అది ఆయన సొంత పతనం.

ఆ కరణాల కథ నుంచే మన ఊరి సీరియల్ మొదలైంది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో గ్రామాధికారులను ఇంటికి పంపింది. అది అవసరం కాదని నేనెప్పుడూ అనను. తాతల నాటి పెత్తనం, దస్త్రం మడతల్లో ఊరి భూములన్నీ చుట్టుకుపోయిన రోజులవి. వ్యవస్థ పోయింది గానీ పని పోలేదు. పహాణీ రాయాలి, శిస్తు చూడాలి, వరదొస్తే పడిపోయిన ఇళ్లు లెక్కపెట్టాలి. అందుకని విలేజ్ అసిస్టెంట్లు వచ్చారు, తర్వాత వీఏవోలు వచ్చారు, ఆనక వీఆర్వోలు వచ్చారు. బోర్డు మారినప్పుడల్లా రైతు కొత్త పేరు పలకడం నేర్చుకున్నాడు. పాత పనికే తిరిగాడు.

2020 సెప్టెంబరు 7న తెలంగాణలో వీఆర్వోల దగ్గరున్న రికార్డులను ఒక్క పూటలో స్వాధీనం చేసుకున్నారు. నాలుగు రోజులకు శాసనసభ ఆ పోస్టులనే రద్దు చేసింది. అయిదు వేల పైచిలుకు మంది రాత్రికి రాత్రి మిగులు తేలారు. అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. కొత్త యంత్రం వస్తే మనిషి మిగులుతాడన్న ఢిల్లీ నిర్వచనం అక్షరాలా నెరవేరింది. వాళ్లకు జీతం ఉంది, హాజరు ఉంది, జాబ్ చార్టు మాత్రం లేదు. దాదాపు రెండేళ్ల పాటు వాళ్లు ఏమిటో వాళ్లకే తెలియదు. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగితే ‘ఉద్యోగం చేస్తున్నాడు’ అని చెప్పి, ‘ఏం ఉద్యోగం’ అనే లోపు కాఫీ గ్లాసులు తెప్పించాల్సిన పరిస్థితి.

2022లో ఉపాయం దొరికింది. లాటరీ. కలెక్టరేట్లలో డ్రా తీసి ఎవరికి ఏ శాఖ వస్తే అక్కడికి పంపారు. సర్వే నంబర్లు నిద్రలో అప్పజెప్పగల మనిషి ఎక్కడ తేలాలో అతని అనుభవం కాదు, చేతికొచ్చిన చీటీ చెప్పింది. మన పల్లెల్లో చిట్టీ పాటకు కూడా ఇంతకంటే ఎక్కువ వాదన జరుగుతుంది.

తర్వాత ప్రభుత్వం మారింది. ధరణి పోయి, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఊళ్లో రెవెన్యూ మనిషి లేకపోతే పని జరగడం లేదని కొత్త ప్రభుత్వానికి తెలిసింది. రైతులకు ముందే తెలుసుననుకోండి, వాళ్లను అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు. 10,954 గ్రామ పాలన అధికారుల పోస్టులు మంజూరయ్యాయి. వాటిలోకి ఎవర్ని తీసుకోవాలి? పాత వీఆర్వోలను, వాళ్ల కింద పనిచేసిన వీఆర్‌ఏలనే పిలిచారు. ఊరికే రానివ్వలేదు లెండి. మే 25న పరీక్ష పెట్టారు. ఊరి పని ఏళ్ల తరబడి చేసినవాళ్లకు ఊరి పని వచ్చునా రాదా అని ప్రశ్నపత్రం ఇచ్చారు. సెప్టెంబరు 5న హైటెక్స్‌లో నియామక పత్రాలు అందాయి. సరిగ్గా అయిదేళ్ల కిందట అదే వారంలో రికార్డులు గుంజుకున్నది వీళ్లలోని వీఆర్వోల చేతుల్లోంచే. రాత్రి మిగిలిన అన్నానికే పొద్దున తాలింపు పెట్టి, నిమ్మకాయ పిండి, పులిహోర అని వడ్డించినట్టు. అన్నాన్ని తప్పుపట్టను. మధ్యలో దాన్ని చెత్తబుట్ట దగ్గరిదాకా మోసుకెళ్లినవారి బిల్లు ఎవరు కట్టారన్నదే నా సందేహం.

ఆంధ్రప్రదేశ్ పద్ధతి ఇంకొంచెం శాస్త్రీయం. అక్కడ లాటరీ లేదు, ఎక్కం ఉంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలకు సుమారు 1.34 లక్షల ఉద్యోగాలు సృష్టించారు. ఊరికి పది, పదకొండు మంది. కొన్నిచోట్ల అర్జీదారులకంటే అర్జీ తీసుకునేవారే ఎక్కువ కనిపించిన మాట నిజం. దాంతో 2025 జనవరిలో హేతుబద్ధీకరణ వచ్చింది. (ఆ మాట నోరు తిరగక మా ఊళ్లో ‘హేతువాదం’ అంటున్నారు. హేతువాదులు క్షమించాలి.) జనాభా 2,500 దాటకపోతే ఆరుగురు. 3,500 వరకు ఏడుగురు. ఆపైన ఎనిమిది మంది. మిగతావారు మిగులు.

ఇక్కడే నాకు చిక్కొచ్చింది. సరిగ్గా 2,500 మందున్న ఊళ్లో ఏడో ఉద్యోగి అనవసరం. ఆ రాత్రి ఒక ఇల్లాలు ప్రసవిస్తే తెల్లారేసరికి అతను అత్యవసరం. పొరపాటున మర్నాడు ఓ ముసలాయన కాలం చేస్తే మళ్లీ అనవసరం. ఆ ఊళ్లో ఎన్ని అర్జీలొచ్చాయి, ఎన్ని తేలాయి, ఎన్ని బల్ల కింద నిద్రపోతున్నాయి అన్నది ఎక్కంలో లేదు. మా సూపరింటెండెంటు గారు ఇది విని, “అయితే ఏడోవాడు ఏఎన్ఎం గారికి రోజూ దండం పెట్టుకోవాలి” అన్నారు.

బడిపంతుళ్లకు ఈ బాధ పాతదే. 2009 విద్యాహక్కు చట్టం లెక్కలో ప్రాథమిక పాఠశాలలో అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు, అరవై ఒకటో పిల్లవాడు చేరితే మూడో టీచరు. జూన్ ఎండలో మాస్టార్లు ఇల్లిల్లూ తిరుగుతుంటే విద్యావ్యాప్తి అనుకుంటాం. చదువు మీద ప్రేమ లేదనను, దాని పక్కనే అరవై ఒకటో పిల్లవాడి కోసం వెతుకులాట కూడా ఉంది. అసలు మిగులు నిజంగా ఉన్నచోట కూడా మనవాళ్లు సూటిగా చెప్పరు. 2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి 78 వేల మందికి పైగా ఒక్కరోజే ‘స్వచ్ఛందంగా’ దిగిపోయారు. యాభై నిండినవారికే ఆ అవకాశం. అంటే అక్కడ మిగులుకు కొలత పుట్టినతేదీ.

మిగలడానికైనా కాస్త అదృష్టం ఉండాలి. ఆంధ్రలోని రెండున్నర లక్షల మంది గ్రామ, వార్డు వలంటీర్లకు అదీ లేకపోయింది. అయిదు వేల గౌరవ వేతనాన్ని పదివేలు చేస్తామని ఎన్నికల్లో విన్నారు. ఆ మాట అన్నవారు గెలిచాక చూస్తే 2023 ఆగస్టు తర్వాత కొనసాగింపు ఉత్తర్వే లేదని, కాబట్టి ఆ వ్యవస్థే లేదని జవాబొచ్చింది. పాత ప్రభుత్వం కాగితం రాయడం మరిచిపోయింది, కొత్త ప్రభుత్వానికి ఆ కాగితం లేదన్న సంగతి సరైన సమయానికి గుర్తొచ్చింది. లేని మనుషులను తీసేశారని ఎవర్ని అడుగుతాం? ఢిల్లీ నిర్వచనం కూడా క్యాజువల్, కాంట్రాక్టు వాళ్లను గడప బయటే ఆపేస్తుంది. వాళ్లు మిగులు కారు. వాళ్లకు గడువు తీరుతుంది, అంతే. మందుల సీసాకు తీరినట్టు.

ఈమధ్య ఒక ధ్రువపత్రం కోసం ఓ ఆఫీసుకు వెళ్లాను. గదిలో ఉండాల్సినవారిలో ఒకరు సర్దుబాటు మీద ఇంకో ఊరెళ్లారు, ఒకరు సర్వేకెళ్లారు, ఒకరు మీటింగ్‌కెళ్లారు. ఉన్న ఒక్క అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని సర్వర్ కోసం ఎదురుచూస్తోంది. వరండాలో మేం పదిహేడు మందిమి. ఆ పదిహేడు అంకె ఏ ఎక్కంలోకీ రాదని అక్కడ నిలబడ్డ రెండో గంటలో నాకు అర్థమైంది.

కాబట్టి పాలకులకు కాదు, జనాభా 2,499 దగ్గరో 2,500 దగ్గరో ఆగిపోయిన ఊళ్లవారికి నా విన్నపం. ఎక్కువమంది పిల్లల్ని కనమని ఆంధ్ర ముఖ్యమంత్రిగారు 2024లో చెప్పారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధననూ అదే ఏడాది ఎత్తేశారు. అందాకా ఆగలేకపోతే ఒక పని చేయండి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు వచ్చినప్పుడు ఒకరిద్దరి ఆధార్ అడ్రసు ఊరికి మార్పించండి. మార్చడానికి సచివాలయంలో మనిషి ఉన్నాడో లేడో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి.