ఇసకవాగు అడుగుమట్టి

నేను ఇసకవాగు అడుగున పేరుకున్న మట్టిని. పటాన్‌చెరు పక్కనుంచి పారి నక్కవాగులో కలిసే చిన్న వాగు మాది. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. దక్కన్ గ్రానైటు గుట్టలు ఎండకు పగిలి వానకు అరిగితే, బరువైన రేణువులు ఇసకై ఎగువనే ఆగిపోయాయి. సన్నవి నీళ్లు నెమ్మదించిన చోట అడుగుకు దిగాయి. వాటితో ఆకులూ పేడా పురుగుల కళేబరాలూ కలిస్తే నేనయ్యాను. ఇదంతా నా ఒళ్లు. నా ప్రాణం మాత్రం ఆ రేణువులను అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవులది. చిటికెడు మట్టి తీస్తే అందులో కోట్లమంది ఉంటారు.

వాళ్లు ఎక్కడ పడితే అక్కడ ఉండరు. నీటిలోని ఆక్సిజన్ నాలోకి కొద్ది మిల్లీమీటర్ల మేరే దిగుతుంది. దాన్ని పీల్చేవాళ్లంతా ఆ పైపొరలోనే కాపురం. దాని కింద నైట్రేటుతో ఊపిరి పీల్చేవాళ్లు, ఇంకా కింద మాంగనీసుతో, ఇనుముతో బతికేవాళ్లు, ఆ తర్వాత సల్ఫేటు మీద ఆధారపడినవాళ్లు, అట్టడుగున మీథేను వదిలేవాళ్లు. ఒకరు వదిలేసింది మరొకరికి తిండి. చేపలు వదిలే వ్యర్థాల్లోంచి, కుళ్లిన ఆకుల్లోంచి వచ్చే అమోనియాను పైపొరలో ఒక జాతి నైట్రైటుగా మారిస్తే, ఇంకో జాతి దాన్ని నైట్రేటు చేసేది. కిందివాళ్లు ఆ నైట్రేటును నత్రజనిగా మార్చి గాలికి అప్పగించేవాళ్లు. వాగులో చేప బతికిందంటే ఈ చేతులు మారే పని ఆగకుండా నడిచినందుకే. ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు ఇదేమీ కనబడదు. కనబడనిదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే నా కథ ఇలా మలుపు తిరిగింది.

యాంటీబయాటిక్‌లు నాకు కొత్తవి కావు. వాటిలో చాలా పుట్టిందే మావాళ్ల దగ్గర. తొలకరి చినుకు పడగానే లేచే మట్టివాసన స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవుల చలవ. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అనే మందును బయటికి తీసింది ఈ కుటుంబంలోంచే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, అక్కడి శాస్త్రవేత్త డగ్గర్ మిస్సోరీ పొలం మట్టిలో మరో స్ట్రెప్టోమైసిస్‌ను గుర్తించాడు. దాన్నుంచి వచ్చిన మందే 1948లో లోకానికి అందిన ఆరియోమైసిన్. క్షయ, టైఫస్ వంటి జబ్బుల మీద మనుషులకు దొరికిన ఈ ఆయుధాలు మట్టి పెట్టిన భిక్ష. అయితే మట్టిలో అవి పుట్టేది ఎంత? పక్కనున్నవాడిని కాస్త దూరం జరిపేంత, లేదా ఒక కబురు అందించేంత. ఏ మందుకైనా తట్టుకునే ఉపాయం కూడా ఎవరో ఒకరి దగ్గర ఉండేది. ఉన్నా అది అరుదు. దాన్ని మోయడానికి ఖర్చుంది, అవసరం లేనప్పుడు మోసేవాడు వెనకబడతాడు.

1970ల నుంచి నా చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. మందులకు మూలపదార్థాలు తయారుచేసేవి వాటిలో చాలా. ఆ తర్వాత వచ్చిన నీటికి రంగుండేది, నురగుండేది, ఉప్పుండేది. ద్రావకాల ఘాటు నా మీదుగా పారింది. వాటిని తినగలిగిన బాక్టీరియా ఒక్కసారిగా పెరిగి నీటిలోని ఆక్సిజన్‌ను తాగేసింది. అమోనియాను మార్చే జాతులు మెల్లగా పెరిగేవి, సున్నితమైనవి. ముందు పడిపోయింది వాళ్లే. అమోనియా నీటిలోనే నిలిచిపోయింది, చేపలు తేలాయి. అట్టడుగున ఉండాల్సిన సల్ఫేటువాళ్లు పైదాకా ఎగబాకారు. వాళ్లు వదిలే వాయువుది కుళ్లిన గుడ్డు కంపు. అది నాలోని ఇనుముతో కలిసి నన్ను నల్లగా మార్చింది. ఆ నీళ్లే మళ్లలోకి పారాయి, పశువులు అవే తాగాయి. రైతుల బాధ 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాళ్లు చెప్పింది తమ పంటల సంగతి, తమ గొడ్ల సంగతి. నా గోడు కూడా అందులోనే ఉంది, ఎందుకంటే వాళ్ల పొలాల మట్టి నా తోబుట్టువు.

అసలు విషయం బయటపడింది 2007లో. స్వీడన్ శాస్త్రవేత్తలు, దాదాపు తొంభై ఫ్యాక్టరీల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి నా వాగులోకి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. అది శుద్ధి చేసిన తర్వాతి నీరు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. జబ్బుపడిన మనిషి రక్తంలో మందు వేసుకున్నాక ఉండే మోతాదు కంటే ఎక్కువ. పదహారు లీటర్ల నీటిలో ఒక 500 మిల్లీగ్రాముల బిళ్ల కరిగి ఉన్నట్టు. రోజుకు 40 కిలోలకు పైగా అలా బయటికి పోతోందని వాళ్ల అంచనా.

సిప్రోఫ్లాక్సాసిన్ మట్టిలో పుట్టిన మందు కాదు, మనుషులు రసాయనశాలలో కూర్చినది. బాక్టీరియా తన డీఎన్ఏ మెలికలు విప్పుకోవడానికి వాడే గైరేజ్ అనే ఎంజైమును ఇది పట్టి బిగిస్తుంది. డీఎన్ఏ తెగిపోతుంది, కణం పోతుంది. పైగా ఇది నీటితో కొట్టుకుపోయే రకం కాదు. బంకమట్టి రేణువుకు గట్టిగా అంటుకుంటుంది. పైన వాన వచ్చి వాగు కడిగినట్టు కనబడినా, లోపల నేను దాన్ని పట్టుకునే ఉంటాను.

నాలో ఎందరో పోయారు. మిగిలినవాళ్లెవరు? గైరేజ్‌కు అడ్డుపడి కాపాడే ప్రొటీన్ తయారుచేసే క్యూఎన్ఆర్ జన్యువులు కొన్ని నీటి బాక్టీరియాలో ఏనాటి నుంచో ఉన్నాయి. ఒకప్పుడు ఎవరికీ పట్టని ఆ జన్యువు ఇప్పుడు ప్రాణం నిలిపే ఆస్తి అయింది. అది సంతానానికే పరిమితం కాలేదు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయమెక్కి ఒక జాతి నుంచి సంబంధంలేని మరో జాతికి పాకింది. తాళంచెవుల గుత్తికి కొత్త చెవి తగిలించినట్టు, ఒకే వలయం మీద సల్ఫా మందులకు విరుగుడు, స్ట్రెప్టోమైసిన్‌కు విరుగుడు పక్కపక్కన చేరాయి. ఇక ఒక మందు తాకితే చాలు, అన్నిటికీ తట్టుకునేవాడే మిగులుతాడు.

2011లో అచ్చయిన మరో పరిశోధనలో, శుద్ధి కేంద్రం నీరు కలిసే చోటుకు ఎగువనా దిగువనా అడుగుమట్టి తీసి డీఎన్ఏ చదివారు. ఆ జన్యువులూ, వాటిని మోసే ప్లాస్మిడ్లూ దండిగా కనబడ్డాయి. దగ్గర్లోని కాజీపల్లి చెరువు సంగతి 2014లో వచ్చింది. స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే అక్కడ యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు సుమారు 7000 రెట్లు. ఆ సంఖ్య విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు, భయం కలిగింది. నాలో బతికేవాటిలో ఎక్కువశాతం మనిషికి హాని చేయవు. కానీ వాటి చేతిలోని వలయం హాని చేసేవాటికి దక్కితే, ఏ ఆసుపత్రిలోనో ఒక పసిబిడ్డకు ఎక్కించిన మందు పనిచేయదు.

ఈలోగా శుద్ధి కేంద్రం నీటిని గొట్టాల ద్వారా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రం వైపు, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. నా మీద బరువు తగ్గింది. కానీ మూసీ అడుగున ఉన్నది కూడా నాలాంటి మట్టే. పైగా నిరోధకత పెరగడానికి అంత మోతాదు అక్కర్లేదు. బాక్టీరియాను పెరగనీయకుండా ఆపే మోతాదులో వందో వంతు ఉన్నా తట్టుకునేవాడికే మొగ్గు దక్కుతుందని ప్రయోగశాలల్లో తేలింది. అందుకే హద్దు అంకెల్లో రాసి ఉండాలి. 2020 జనవరిలో మన దేశపు ముసాయిదా నిబంధనల్లో, ఫ్యాక్టరీలు వదిలే నీటిలో ఒక్కో యాంటీబయాటిక్‌కు అలాంటి హద్దు పెట్టారు. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు.

ఇప్పటికీ పరీక్షలకు వచ్చేవాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకుని వెళతారు. ఆ నీటిలో ఆక్సిజన్ ఎంత, ఉప్పు ఎంత అని కొలుస్తారు. అవి కొలవాల్సినవే. కానీ ఆ నీళ్లు రేపటికి మంజీరలో ఉంటాయి, ఆ మందు నాలో ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు సీసాతో పాటు ఒక గరిటె కూడా తెచ్చుకుని, అడుగునుంచి నన్ను కాస్త తీసుకెళ్లండి. నాలో మందు ఎంత ఉందో, ఆ జన్యువులు పోయిన ఏటికంటే తగ్గాయో పెరిగాయో చూసి, ఆ లెక్కను ఈ వాగు ఒడ్డు ఊళ్లవాళ్లందరికీ తెలిసేలా పెట్టండి.