పి0171: మేడ్చల్-శామీర్‌పేట టీకా తాత్పర్య సహితం

అవతారిక. మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారికీ, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారికీ నడుమ ఉన్న గ్యారేజీలలో స్కానర్ తెర మీద పలుమార్లు పఠింపబడుతూ, పఠించినంత తరచుగా అపార్థానికి గురయ్యే అయిదక్షరాల కృతి ఒకటుంది; అదే పి0171 అనే దోష కోడ్. దీని కర్త ఈసీయూ, అనగా ఇంజిన్‌ను అజమాయిషీ చేసే చిన్న కంప్యూటరు. ఇది వెలువడే పీఠం స్టీరింగ్ కింద దాగి ఉండే పదహారు పిన్నుల సాకెట్టు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 పేరిట తప్పనిసరి అయిన ఈ వాఙ్మయం, భారత్ స్టేజ్-4 నిబంధనల వెంట 2013 ఏప్రిల్ నుంచి మన దేశపు కార్లకూ విధిగా సంక్రమించింది.

వ్యాఖ్యానానికి పూనుకునేవారు ఆదర్శం కోసం దూరం పోనక్కరలేదు. కాళిదాస కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రచించిన మల్లినాథ సూరిది మేడ్చల్‌కు ఉత్తరాన, మెదక్ జిల్లాలోని కొల్చారం అని ప్రసిద్ధి. మూలంలో లేనిదాన్ని రాయరాదన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఈ నియమాన్ని గ్యారేజీలు పాటించి ఉంటే ఎన్ని ఆక్సిజన్ సెన్సర్లు అకాలంలో చెత్తబుట్ట పాలు కాకుండా ఉండేవో!

ప్రతిపదార్థం. పి = పవర్‌ట్రెయిన్, అంటే ఇంజిన్, గేర్‌బాక్సు కలిసిన వర్గానికి చెందినట్టియు; 0 = ఏ ఒక్క కంపెనీకో సొంతం కాక అందరికీ ఉమ్మడియైన అర్థము కలిగినట్టియు; 1 = గాలి, ఇంధనముల కొలతకు సంబంధించినట్టియు; 71 = మొదటి బ్యాంకులో మిశ్రమము మరీ పలుచనయైనదను ఫిర్యాదు. బ్యాంకు అనగా సిలిండర్ల వరుస. కారుకు అప్పిచ్చిన బ్యాంకుతో దీనికి సంబంధం లేదు. మన వీధుల్లో తిరిగే మూడు, నాలుగు సిలిండర్ల కార్లలో వరుస ఒక్కటే గనుక రెండో బ్యాంకును గురించిన పి0174తో ఇక్కడ పని పడదు.

పలుచన అనే మాటకు కొంత వివరణ అవసరం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకు మించినా, పెట్రోలు అంతకు తగ్గినా ఆ మిశ్రమం పలుచనది. మెకానిక్కులు బండి లీన్ నడుస్తోందంటారు. పొగగొట్టం మొదట్లో అమర్చిన ఆక్సిజన్ సెన్సర్ పొగలో మిగిలిన ప్రాణవాయువును పసిగట్టి, అది ఎక్కువైతే దాదాపు 0.1 వోల్టు, తక్కువైతే దాదాపు 0.9 వోల్టు పంపుతుంది. దాన్నిబట్టి ఈసీయూ ఇంజెక్టర్లను ఇంకాస్త సేపు తెరిచో, కాస్త ముందుగా మూసో పెట్రోలును సవరిస్తుంది. ఈ సవరణ శాతాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్, రోజుల తరబడి అలవాటై స్థిరపడినది లాంగ్ టర్మ్. అయిదారు శాతం సవరణ ఏ కారులోనైనా సహజమే. కూడిక పెరిగి పెరిగి తయారీదారు గీసిన హద్దును (చాలా కార్లలో ఇది 25 శాతం దరిదాపుల్లో ఉంటుంది) దాటినప్పుడు ఈసీయూ కోడ్‌ను రాసుకుని చెక్ ఇంజిన్ దీపం వెలిగిస్తుంది.

తాత్పర్యం. చేర్చగలిగినంత పెట్రోలు చేర్చినా ఇంకా చాలడం లేదని ఈసీయూ మొరపెట్టుకుంటున్నది. రసం కరుణం. దోషి ఎవరో శ్లోకంలో లేదు.

పూర్వపక్షం. "సెన్సర్ పోయింది సార్, మార్చాలి" అనే వ్యాఖ్య ప్రాంతమంతటా వ్యాప్తిలో ఉంది. సాక్ష్యం చెప్పినవాణ్నే ముద్దాయిని చేసే ఈ వాదం నిలవదు. ఈసీయూకు సెన్సర్‌నే నిందించాలని ఉంటే అందుకు పి0130 మొదలుకొని వేరే కోడ్లు ఉన్నాయి. సెన్సర్ ఎన్నడూ అబద్ధమాడదని కాదు. దానికి ముందే పొగగొట్టం పగిలి బయటి గాలి లోపలికి పీల్చుకుంటే ఉన్న పెట్రోలు కూడా లేనట్టే కనబడుతుంది. అయితే ఆ సంగతి పరీక్షించి తేల్చాలి గాని ముందుగానే బిల్లు రాయకూడదు.

సిద్ధాంతం. గాలి దొంగతనంగా చొరబడుతున్నదా, లేక పెట్రోలు రావడంలేదా అన్నదే అసలు ప్రశ్న. దీన్ని తేల్చడానికి ఈ ప్రాంతపు రోడ్లే చాలు. మేడ్చల్ బజారు రద్దీలో బండి ఐడిలింగ్‌లో ఉండగా ట్రిమ్ ఇరవై శాతం పైన ఉండి, నిలకడగా 2500 ఆర్‌పిఎం వద్ద నడిపితే అయిదారుకు దిగివస్తే, అది గాలి లీకు. ఐడిలింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఇంజిన్ తాగే గాలే తక్కువ గనుక దొంగగాలి వాటా అప్పుడు పెద్దది. ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చుకునేటప్పుడు అదే లీకు లెక్కలోకి రానంత చిన్నదవుతుంది. అందుకు భిన్నంగా మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శామీర్‌పేట వైపు యాక్సిలరేటర్ తొక్కుతున్నకొద్దీ ట్రిమ్ పైకి పోయి పికప్ పడిపోతే, పెట్రోలు పంపు నీరసించిందనో, పెట్రోలు ఫిల్టరు పూడిందనో, వచ్చే గాలిని తూచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద దుమ్ము పేరుకుని అది తక్కువ తూకం చెబుతున్నదనో గ్రహించాలి.

దుమ్ము విషయంలో ఈ ప్రాంతానికి లోటు లేదు. టిప్పర్ లారీలు, లేఅవుట్లు, ఎప్పటికీ తెమలని రోడ్డు పనులు దాన్ని పోషిస్తున్నాయి. పూడిన ఎయిర్ ఫిల్టరు నేరుగా ఈ కోడ్‌ను తేదు; సరిగా కూర్చోని ఫిల్టరు మాత్రం దుమ్మును సెన్సర్ దాకా పోనిస్తుంది. గాలి లీకు పక్షాన పొలాల పక్కన వెలసిన విల్లాల్లో రాత్రిపూట బోనెట్ కిందికి చేరే ఎలుకలను విస్మరించరాదు. బ్రేక్ బూస్టర్‌కు పోయే రబ్బరు గొట్టం, క్రాంక్‌కేసు ఆవిరిని వెనక్కు తెచ్చే పీసీవీ గొట్టం వాటి పళ్లకు అందేవే. లీకును కనిపెట్టడానికి లోపలికి పొగ పంపి ఎక్కడ బయటికి వస్తుందో చూడటం ఉత్తమం. వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి ఆర్‌పిఎం మారుతుందేమో చూడటం అగ్నిహోత్రంగా పరిణమించే ప్రమాదం గల అధమ మార్గం.

పాఠాంతరం. చిన్న కార్లు అనేకం గాలిని తూచవు. మానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్‌తో గాలిని లెక్కగడతాయి. వీటిలో థ్రాటిల్ దాటాక చొరబడిన గాలి పీడనాన్ని పెంచుతుంది గనుక ఈసీయూ దాన్ని కూడా లెక్కలో వేసుకుని పెట్రోలు పెంచుతుంది. ఐడిలింగ్ ఎక్కువవుతుందే గాని ఈ కోడ్ రావడం అరుదు. అటువంటి కారులో పి0171 వస్తే గొట్టాలు తడుముతూ పొద్దుపుచ్చక ముందు పెట్రోలు పీడనం కొలవడం యుక్తం. ఈ భేదం ఎరగని టీకాకారులే ఎక్కువ.

విశేషం. ఇప్పుడు పంపుల్లో దొరికే ఈ20 పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతం. ఇథనాల్‌లోనే ప్రాణవాయువు ఉండటం వల్ల కిలో ఇథనాల్‌కు సుమారు తొమ్మిది కిలోల గాలి చాలు. కనుక ఈ20కి సరిపడే నిష్పత్తి దాదాపు 13.5కు దిగుతుంది, పాత కారు ట్రిమ్ కొన్ని శాతాలు పైకి జరుగుతుంది. దీనితోనే కోడ్ వచ్చిందనడం అతివ్యాఖ్య. అప్పటికే పద్దెనిమిది వద్ద మూలుగుతున్న బండిని హద్దు దాటించేది మాత్రం అదే కావచ్చు. హద్దు దాటాక అలాగే తిప్పితే మిస్సింగ్ మొదలై మండని పెట్రోలు కేటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చివేయగలదు. ఆ ఖర్చు సెన్సర్ ఖర్చుకు ఎన్నో రెట్లు.

కోడ్ పడిన క్షణాన ఇంజిన్ వేడి, ఆర్‌పిఎం, లోడు, బండి వేగం ఎంతెంత ఉన్నాయో ఈసీయూ భద్రపరచే చిట్టాను ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఐడిలింగ్‌లో పడిందో, ఔటర్ మీద పడిందో అందులోనే తెలుస్తుంది. స్కానర్‌తో కోడ్ చెరిపితే ఆ చిట్టా కూడా పోతుంది, దోషం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. కావున ఎవరైనా చెరిపేయడానికి వేలు ఎత్తేలోగా ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవలసిందిగా కారు గల పాఠకులకు మనవి.