సున్నా మరిచిన గురువుగారు

నాలుగు ముక్కలు పైథాన్ వచ్చిందంటే చాలు, ఎవరినో ఒకరిని కూర్చోబెట్టి పాఠం చెప్పాలన్న దురద పుడుతుంది. మీకు పుట్టలేదంటే నేను నమ్మను. నాకైతే ఒళ్ళంతా పుట్టింది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల్ని మీటింగ్ రూమ్‌లోకి తోలి, స్కాటర్ ప్లాట్‌లో మనకు కావలసిన చుక్కను ఎత్తి చూపడం ఎలాగో చెప్తానన్నాను. వాళ్ళు అడగలేదు. అయినా చెప్తానన్నాను.

సరుకు పాతదే, ఎంటీకార్స్. 1974లో అమెరికాలో మోటార్ ట్రెండ్ పత్రిక అచ్చేసిన 32 కార్ల వివరాలు. అడ్డంగా బరువు, నిలువుగా మైలేజీ. బరువు పెరిగేకొద్దీ చుక్కలు కిందికి జారతాయి. అన్నిటికన్నా పైన టయోటా కరోలా: 1,835 పౌండ్ల బరువు, గ్యాలన్‌కు 33.9 మైళ్ళు. మన లెక్కలో లీటరుకు 14 కిలోమీటర్ల పైచిలుకు.

ముందురోజు రాత్రి నా పైత్యం చూడాలి. ప్రతి చుక్కకీ ఒక రంగు, పక్కన పేరు. మెర్సిడెస్ పేర్లు ఒకదానిమీద ఒకటెక్కి చుక్కల్నే మింగేశాయి. పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళంతా పెళ్ళికూతురిలాగే ముస్తాబైతే పెళ్ళికొడుకు తాళి ఎవరికి కడతాడు పాపం? అర్ధరాత్రి దాటాక బుద్ధొచ్చింది. అన్నిటినీ లేత బూడిదరంగులో గీసి, కావలసిన ఒక్కదాన్ని పెద్ద ఎర్రచుక్కగా మళ్ళీ గీశాను. జెడ్‌ఆర్డర్ పెంచితే అది పైపొరలో కూర్చుంటుంది. బొమ్మ భలే కుదిరింది. కళ్ళద్దాలు తుడుచుకుని మరీ మురిసిపోయాను.

తెల్లారింది. తెరమీద బొమ్మ. గొంతు సవరించాను. "చూశారా, అందరికన్నా పొదుపరి బండి!" అంటూ లేజర్ వేశాను. వేసి, వాళ్ళ మొహాలు చూసి, వెనక్కి తిరిగి తెర చూసి, గుటక మింగాను. ఎర్రచుక్క పైన లేదు, బూడిద గుంపు మధ్యలో ఇరుక్కుని ఉంది. దాని నెత్తిన నేను చేత్తో టైప్ చేసిన లేబుల్: టయోటా కరోలా. పట్టికలో కరోలా 20వది కదా అని, నంబరు చెప్తే ఆ వరుసను తెచ్చిచ్చే ఐలాక్‌లో 20 కొట్టాను. పైథాన్ లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి 21వ బండి తెచ్చిచ్చింది. అది టయోటా కరోనా. గ్యాలన్‌కు 21.5 మైళ్ళు! ఇంటిపేరు ఒకటే కావడంతో, వచ్చిన వరుసను చూసుకున్నా నాకు పట్టుబడేది కాదేమో.

వరుస నంబరుతో కాకుండా, మోడల్ పేరు ఇదైన వరుస తెమ్మనో, మైలేజీ అన్నిటికన్నా ఎక్కువున్నది తెమ్మనో అడిగితే ఈ గొడవే లేదు. ఆ తెచ్చిన వరుసలోంచే లేబుల్ కూడా తీసుకుంటే చుక్క ఒకటీ పేరు ఒకటీ అవ్వవు. పట్టికను ఎటు తిప్పి సార్ట్ చేసినా ఎర్రరంగు అసలు బండినే పట్టుకుంటుంది. ఇది చెప్పడానికే కదా మీటింగ్ పెట్టింది!

చెప్పానా? లేదు. "మీరు పట్టుకుంటారో లేదో చూద్దామనే అలా పెట్టాను" అన్నాను. ఈ మాట జన్మలో అనని మహానుభావులెవరైనా ఉంటే చెప్పండి, వచ్చి కాళ్ళకు దండం పెడతాను.

వెనక వరసలోంచి ఒక కుర్రాడు అమాయకంగా అడిగాడు: "కావాలని పెట్టిన తప్పు ఇదొక్కటేనా సార్, ఇంకా ఉన్నాయా?"

"వెతకండి" అన్నాను గంభీరంగా. వాళ్ళకన్నా ముందు కనిపెట్టాలని భోజనం మానేసి మరీ నేను వెతికాను.