నన్ను నడిపి చూసినవాళ్లు

నన్ను కొనడానికి ఎవరూ రారు, నడిపి చూడటానికి వస్తారు. విశాఖపట్నంలో, ఎన్‌ఏడీ జంక్షన్‌కు దగ్గర్లో ఉన్న ఒక షోరూములో టెస్ట్ రైడ్ బండిని నేను. 110 సీసీ ఇంజను, గేర్లు లేవు, బరువు వంద కిలోల పైచిలుకు. ముందు చక్రం 12 అంగుళాలు, వెనక చక్రం 10. లోపల లైట్ల కింద మెరిసే బండ్లు ఒక్కొక్కటే మెడలో పూలదండతో, నిమ్మకాయలు తొక్కి, ఎవరో ఒకరి ఇంటికి వెళ్లిపోతాయి. నేను గుమ్మం బయట స్టాండు మీద ఉంటాను. కొనాలా వద్దా అని ఊగిసలాడే మనిషి మొదట ఎక్కేది నా మీదే. కొన్నవాళ్ల సంగతి మేనేజరుకు తెలుసు. కొనకుండా వెనక్కి వెళ్లినవాళ్ల సంగతి కూడా నాకు తెలుసు.

వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మైలేజీ ఎంత అని. తర్వాత ఆన్‌రోడ్ ఎంత పడుతుంది, డౌన్ పేమెంట్ ఎంత కట్టాలి, నెలనెలా ఎంత వస్తుంది. ఆ తర్వాత రంగు. అడగవలసినవే అన్నీ. కానీ ఏ రోడ్డు మీద, ఏ వేళలో, ఎవరు నడుపుతారు, వెనక ఎవరు కూర్చుంటారు అన్న మాట అరుదుగా వస్తుంది. షోరూము వెనక సందులో ఒక చుట్టు తిప్పి, ‘బాగానే ఉంది’ అని తాళం తిరిగి ఇచ్చేస్తారు. ఆ సందులో గుంత లేదు, ఎత్తు లేదు, వెనక నుంచి హారన్ కొట్టే లారీ లేదు. అక్కడ ఏ బండైనా బాగానే నడుస్తుంది.

మా వంశం సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే నేను ఎవరి కోసం పుట్టానో అందులో ఉంది. 1946లో ఇటలీలోని పొంటెడేరాలో పియాజియో కంపెనీ వెస్పాను తెచ్చింది. దాన్ని గీసిన కొరాడినో దస్కానియో విమానాల ఇంజనీరు. మోటార్ సైకిలంటే ఆయనకు ఇష్టం ఉండేది కాదు. కాలు ఎత్తి ఎక్కాలి, బట్టలకు నూనె మరకలు అంటుతాయి. అందుకని ఇంజన్ని వెనక్కి జరిపి, కవరు వేసి, ముందు కాళ్లు పెట్టుకోడానికి ఖాళీ వదిలాడు. చీర కట్టుకున్న ఆడమనిషి ఇవాళ ఇబ్బంది లేకుండా నా మీద కూర్చుంటోందంటే ఆ ఖాళీ చలవే. మన దేశంలో 1972లో చేతక్ వచ్చింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి. ఆ బండి మీద ముందు కూర్చున్నది ఎక్కువగా మగవాళ్లే. కిక్ కొట్టాలి, ఎడమ చేత్తో గేరు తిప్పాలి, స్టార్టు కాకపోతే పక్కకు వంచాలి. 1984లో కైనెటిక్ హోండా బటన్ స్టార్టుతో, గేర్లు లేకుండా వచ్చాక ఆడవాళ్లు వెనక సీటు నుంచి ముందు సీటుకు రావడం పెరిగింది. నేను ఆ దారిలో పుట్టినదాన్నే. నా ఎడమ పక్క కవరు కింద రెండు పుల్లీల మధ్య ఒక బెల్టు తిరుగుతుంటుంది. వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీలోని చిన్న రోలర్లు అంచుకు జరిగి పుల్లీ రెండు ముఖాలనూ దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది. గేరు మార్చే పని మనిషి చేతిలోంచి నేను తీసుకున్నది అలాగే.

2025 దసరాకు ముందు మా గుమ్మం దగ్గర జనం బాగా పెరిగారు. సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అప్పటిదాకా వాయిదా వేసినవాళ్లంతా ఒక్కసారిగా వచ్చారు. అయితే అంతకు నెల ముందే, ఆగస్టు 15న, ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. స్త్రీశక్తి పథకం. ఈ రెండూ కలిసి మా షోరూము ముందు ఎన్ని ఇళ్లలో గొడవ పెట్టాయో నేను విన్నాను. ధర తగ్గిందని ఒకరు లాగుతారు, బస్సు ఉండగా ఎందుకని ఇంకొకరు లాగుతారు.

ఆ వచ్చినవాళ్లలో గోపాలపట్నం నుంచి ఒక కుటుంబం. తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యాడు. కూతురు పెదవాల్తేరు వైపు ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఒక వారం పొద్దున డ్యూటీ, ఒక వారం రాత్రి తొమ్మిదిదాకా. తల్లి నా సీటు మీద చెయ్యి వేసి నిలబడింది.

“బస్సు ఫ్రీ చేసేశారు కదే. పైసా ఖర్చు లేకుండా ఎల్లొస్తున్నావు. మళ్లీ లక్ష పోసి బండెందుకు?” అన్నాడు తండ్రి.

ఆ మాట తీసిపారేసేది కాదు. కూతురు కూడా తీసిపారేయలేదు. బ్యాగులోంచి కాగితం తీసింది. రానూ పోనూ 28 కిలోమీటర్లు. లీటరుకు 45 వస్తుందనుకుంటే, పెట్రోలు వంద దాటి ఉన్న రోజుల్లో నెలకు 1,700, 1,800 రూపాయలు. పైన వాయిదా, సర్వీసింగు, ఇన్సూరెన్సు. బస్సు పక్కన సున్నా రాసింది.

“డబ్బు లెక్కలో బస్సే గెలుస్తుంది నాన్నా. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగాక మద్దిలపాలెంలో నిలబడి, వచ్చిన బస్సు ఎక్కడానికి చోటు లేక, షేర్ ఆటోలో ఇరుక్కుని వస్తానే, అది ఎక్కడ రాయమంటావు?”

ఆయన మాట్లాడలేదు. ఆమె కాగితం మడిచి, కాస్త ఆగి ఇంకో మాట అంది. “ఇంకోటి కూడా ఉంది. ఆదివారం పూట భీమిలి ఎళ్లి రావాలని ఉంది. నేనూ అమ్మా.”

“సరదాకి లక్షా?”

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది తల దించుకుంటారు. ఆమె దించుకోలేదు, అది నాకు నచ్చింది. ఆఫీసు కోసం, పిల్లల బడి కోసం, అమ్మ మందుల కోసం అని చెప్పుకుంటూ వచ్చేవాళ్లందరి మనసులోనూ ఒక సముద్రపు రోడ్డు ఉంటుంది. అది పైకి చెప్పడానికి సిగ్గుపడతారు. సంపాదించిన డబ్బుతో వారానికి ఒక పూట గాలి పీల్చుకోవాలనుకోవడం తప్పెలా అవుతుంది? చెప్పకపోవడం వల్ల నష్టమే ఎక్కువ. డ్యూటీకి ఒక్కరే వెళ్తారు, సరదాకి ఇద్దరు వెళ్తారు. ఒక్కరికి సరిపోయిన సీటు, బ్రేకు, ఎత్తు ఎక్కే బలం ఇద్దరికి సరిపోతాయో లేదో చూడకుండానే కొనేస్తారు.

ఆమె తమ్ముడు ఫోనులో ఎలక్ట్రిక్ తీసుకోమన్నాడు. నా జాతి కాకపోయినా నిజం చెబుతాను. సొంత ఇల్లు, కింద అంతస్తు, గోడకు ప్లగ్గు ఉన్నవాళ్లు దాని గురించి గట్టిగా ఆలోచించాలి. రోజూ ఒకే దారిలో తిరిగేవాళ్లకు అది బాగా కలిసివస్తుంది. వీళ్లది అపార్టుమెంటులో మూడో అంతస్తు, సెల్లారులో ఛార్జింగుకు అసోసియేషను ఒప్పుకోలేదు. ఆ దారి అక్కడ మూసుకుపోయింది.

ఆదివారాల్లో మా వాళ్లు సాగర్‌నగర్ దగ్గర టెస్ట్ రైడ్ టెంటు వేస్తారు. తల్లీ కూతుళ్లు ఆ ఆదివారం అక్కడికి వచ్చారు. సేల్స్ కుర్రాడు మొదట చేసిన పని కూతురి చున్నీని వెనక్కి తీసి నడుముకు ముడి వేయించడం. చట్టప్రకారం నా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే గార్డు ఉంటుంది. అయినా గాలికి ఎగిరిన చున్నీ కొస చక్రంలో పడితే రెప్పపాటు చాలు. ఆ కుర్రాడి మీద నాకు గౌరవం పెరిగింది.

రుషికొండ దాటాక కుడి పక్కన సముద్రం తెరుచుకుంది. అటు నుంచి కొట్టే గాలికి నా ముందు భాగం కొద్దిగా ఎడమకు జరుగుతుంది. కొత్తవాళ్లు కంగారుపడి హ్యాండిల్ బిగపట్టేస్తారు. ఆమె మొదట బిగపట్టింది, తొట్లకొండ దగ్గరకొచ్చేసరికి భుజాలు వదులయ్యాయి. దిగుడులో ఎడమ బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడటం ఆమెకు అర్థమైంది. 125 సీసీ వరకు బండ్లకు కనీసం ఈ ఏర్పాటైనా ఉండాలని 2019 ఏప్రిల్‌లో తప్పనిసరి చేశారు. గేరు బండిలా చిన్న గేరు వేసుకుని దిగే వీలు నాకు లేదు. కైలాసగిరి, సింహాచలం ఘాట్లలో నా భారం దాదాపు అంతా బ్రేకుల మీదే కాబట్టి వేగం ముందే తగ్గించుకోవాలి. మంగమారిపేట దగ్గర ఒడ్డుకు లాగిన పడవల పక్కన ఆపారు. ఆరేసిన వలలు, ఎండుచేపల వాసన. తల్లి దిగి, వెనక ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి తీసి రెండుసార్లు చూసుకుంది.

“సీటు బాగానే ఉందే. పట్టుకోడానికి కడ్డీయే కొంచెం పొట్టిగా ఉంది. స్పీడ్ బ్రేకరు వస్తే నాకు ముందు చెప్పు.”

మంగమారిపేట దాటి కొంచెం ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు, ఆపైన భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌసు. అంతదూరం వెళ్లడానికి టెస్ట్ రైడులో టైము లేదు. వెనక్కి తిప్పారు.

కూతురు ఆ రోజు కూడా డబ్బు కట్టలేదు. ‘నా డ్యూటీ అయిపోయే టైముకి, నా దారిలో ఒకసారి నడపాలి’ అంది. మా షోరూముకు వచ్చినవాళ్లలో ఇలా అడిగినవాళ్లు బహు తక్కువ. కుర్రాడు మేనేజరును ఒప్పించి నన్ను రాత్రి తొమ్మిదింటికి ఆసుపత్రి గేటు దగ్గరికి తెచ్చాడు. తండ్రి అప్పటికే అక్కడ ఉన్నాడు. కూతురు వెనక ఆయన కూర్చున్నాడు.

మద్దిలపాలెం, గురుద్వార, తాటిచెట్లపాలెం, కంచరపాలెం. పగటి రోడ్డు వేరు, రాత్రి రోడ్డు వేరు. ఎదురు లైట్లు కళ్లలో కొడతాయి, తవ్వి పూడ్చిన చోటు కనపడదు. నా వెనక చక్రం చిన్నది. పెద్ద చక్రం దాటేసే గుంతలో నాది దిగబడుతుంది, ఆ దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. ఒకచోట అలాగే తగిలింది. తండ్రి గట్టిగా ఊపిరి తీశాడు కానీ ఏమీ అనలేదు. బస్సు ఒరుసుకుంటూ వచ్చినప్పుడు ఆమె పంతానికి పోలేదు, ఎడమకు తగ్గి పోనిచ్చింది. మర్రిపాలెం దాటాక ఆయన చెయ్యి కూతురి భుజం మీంచి తీసి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. గోపాలపట్నంలో దిగి, ఇంజను ఆపవద్దని సైగ చేసి, వంగి ఆ చప్పుడు విన్నాడు. జీవితమంతా ఇంజన్ల దగ్గర గడిపినవాడు.

“హెల్మెట్లు రెండు తీసుకో,” అన్నాడు. “వెనక కూర్చునేవాళ్లది కూడా ఐఎస్‌ఐ మార్కుదే ఉండాలి.”

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెప్పేదీ అదే. నాలుగేళ్లు దాటినవాళ్లకు, ముందున్నా వెనకున్నా, హెల్మెట్ ఉండాలి.

అందరి కథా ఇలా కొనడంతో ముగియదు, ముగియాలని నేను కోరుకోను కూడా. విజయనగరం నుంచి రోజూ విశాఖ వచ్చి వెళ్లే ఒక కుర్రాడు నా మీద కూర్చుని సంబరపడ్డాడు. రానూ పోనూ వంద కిలోమీటర్లు దాటే దారి, హైవే మీద లారీల మధ్య, వానాకాలం, చీకటి. నేను నోరున్నదాన్నయితే రైలు పాసు తీసుకో నాయనా అని చెప్పేదాన్ని. అతను మరుసటి రోజు తండ్రితో వచ్చి, వద్దనుకున్నామని చెప్పి వెళ్లాడు. ఆ నిర్ణయం గోపాలపట్నం అమ్మాయి నిర్ణయమంత మంచిదే.

ఆమె మొదటి సర్వీసుకు వచ్చినప్పుడు తన బండిని నా పక్కనే స్టాండు వేసింది. మెకానిక్ సైలెన్సరు బోల్టులు చూపించి, ‘బీచికి ఎక్కువ ఎళ్తున్నారా మేడం? ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగండి’ అన్నాడు. అవునంది. పొద్దున డ్యూటీ వారాల్లో ఇప్పటికీ బస్సుకే వెళుతోందట, టికెట్టు ఖర్చు లేదు కదా, కిటికీ పక్కన కాసేపు నిద్ర కూడా పడుతుందట. రాత్రి డ్యూటీ వారాల్లో బండి. ఆదివారం భీమిలి. బస్సా బండా అని ఇంట్లో పడిన పేచీకి ఆమె చూపిన పరిష్కారం రెండూ ఉంచుకోవడం. నేను విన్న తీర్పులన్నింటిలోకీ ఇదే సరైనదని నా నమ్మకం.

మీరు కూడా ఏదో ఒక రోజు ఇలాంటి గుమ్మం ముందుకు వస్తారు. వెనక సందులో ఒక చుట్టుతో తృప్తిపడకండి. మీ దారి అడగండి, మీ వేళకే అడగండి. వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకురండి, ఆ మనిషి మాట కూడా వినండి. సరదాకి కూడా కావాలంటే సరదాకి కూడా కావాలనే చెప్పండి. లైసెన్సు మాత్రం మరిచిపోకండి. అది చూపించనిదే నా తాళం ఎవరి చేతికీ ఇవ్వరు.