ఉప్పుగాలిలో ఒక మేకు

నాలో బయటికి కనిపించేది రెండు వేళ్లు దూరేంత కన్ను మాత్రమే. మిగతా ఒళ్లంతా సున్నపురాయి లోపల, జిగురులో కూరుకుని ఉంది. కొండలెక్కేవాళ్లు నన్ను బోల్టు అంటారు. జాతి టైటానియం. కాపురం దక్షిణ థాయిలాండులోని క్రాబి రాష్ట్రంలో, అండమాన్ సముద్రం ఒడ్డున రైలే అనే చోట, 'వన్ టూ త్రీ వాల్' అని పిలిచే గోడ మీద.

రైలే ద్వీపం కాదు. నేలను ఆనుకునే ఉంది. అయినా వెనకంతా నిటారు కొండలు అడ్డం నిలబడటంతో రోడ్డు మార్గం లేదు. దగ్గర్లోని ఆవ్ నాంగ్ లాంటి ఊళ్ల నుంచి చెక్క పడవలో రావాలి. వెనక పొడవాటి కాడకు మరచక్రం బిగించి ఉంటుంది గనక వాటిని లాంగ్ టెయిల్ బోట్లంటారు. ప్రతి పడవ ముక్కుకూ రంగురంగుల గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి. అక్కడ మే యా నాంగ్ అనే తల్లి కొలువై ఉంటుందని పడవవాళ్ల నమ్మకం. నడిచి వెళ్లేంత దూరంలోనే ఫ్రా నాంగ్ ఒడ్డున గుహలో ఇంకో అమ్మవారుంది. జాలర్లు కొయ్యతో చెక్కిన లింగాలు తెచ్చి ఆమెకు మొక్కు చెల్లిస్తారు. సెలవులకు వచ్చినవాళ్లలో కొందరు వాటిని చూసి కిసుక్కున నవ్వుతారు. నాకది గిట్టదు. వేటకు వెళ్లి క్షేమంగా ఒడ్డు చేరాలనే బెంగ ఆ మొక్కులో ఉంది. నా కంతలో తాడు తగిలించే ముందు గుటక మింగే మనిషిలోనూ నాకు కనిపించేది ఆ బెంగే.

నన్ను పట్టుకున్న ఈ రాయి వయసు పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. ఎప్పటివో సముద్రజీవుల గుల్లలు అడుగున పేరుకుని, గట్టిపడి, పైకి లేచి కొండలయ్యాయి. వాననీళ్లు ఆ సున్నాన్ని కరిగించుకుంటూ దిగి గోడంతా గుంటలు తొలిచాయి, మర్రి ఊడల్లా రాతి ఊడలు వేలాడదీశాయి. ఎక్కేవాళ్లకు అవే పట్లు. 1980ల చివర్లో ఈ గోడలకు బోల్టులు కొట్టడం మొదలైంది. ఇప్పుడు రైలే, పక్కనే ఉన్న టోన్‌సాయ్, ఆ చుట్టుపక్కల కలిపి ఏడు వందలకు పైగా ఎక్కుడు దారులున్నాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. పొద్దున గోడ ఎక్కడం, మధ్యాహ్నం సముద్రంలో ఈదడం, సాయంత్రం ఇసుకలో కూర్చుని కొబ్బరినీళ్లు తాగడం. ఇంతకన్నా మంచి సెలవు ఇంకోటి ఉంటుందని నేననుకోను.

కానీ ఆ హాయికి కారణమైన సముద్రమే నాకంటే ముందున్నవాళ్లను పొట్టన పెట్టుకుంది.

నాకు జానెడు దూరంలో, రాతిలో గుండ్రటి మరక ఒకటుంది. అక్కడ ఒకప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు ఉండేది. ఆ స్టీలు ఒంటి మీద క్రోమియం ఆక్సైడు పొర సన్నగా పరుచుకుని తుప్పు పట్టకుండా కాపాడుతుంది. చాలాచోట్ల అది సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. సముద్రపు గాలిలోని ఉప్పు గోడకు అంటుకుంటుంది, రాతిలోంచి ఊరే నీళ్లు దాన్ని తడుపుతాయి, ఎండ ఆ తడిని చిక్కబరుస్తుంది. అందులోని క్లోరైడు క్రోమియం పొరను సూదిమొనంత మేర తొలుస్తుంది. బిగించిన బోల్టులో ఎప్పుడూ లాగుడు ఉంటుంది కదా, ఆ లాగుడుకు అక్కడ పగులు పుట్టి వెంట్రుకవాసి చొప్పున లోపలికి పాకుతుంది. పైకి మాత్రం బోల్టు మిలమిల మెరుస్తూనే ఉంటుంది. మహా అయితే గోధుమరంగు చుక్క ఒకటి. ఇలాంటి తీరాల్లో రెండు మూడేళ్లకే స్టీలు బోల్టులు పుటుక్కున విరిగిన సందర్భాలున్నాయి. మామూలు ఇనుము అయితే తుప్పు పట్టి, ఎర్రగా పొలుసులు రాల్చి ముందే చెబుతుంది. స్టెయిన్‌లెస్ చెప్పదు. నాకు భయం వేసేది అందుకే.

ఇక నా పుట్టుక. టైటానియం ఖనిజాలైన ఇల్మనైట్, రూటైల్ సముద్రతీరపు నల్ల ఇసుకలో దొరుకుతాయి. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా ఆంధ్ర తీరంలో కాళ్లకు అంటుకునే నల్ల ఇసుకలోనూ అవి ఉన్నాయి. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే పాదిరీ ఈ లోహం జాడ పసిగట్టింది కూడా నల్ల ఇసుకలోనే. జాడ దొరికినా, దాన్ని పెద్దఎత్తున శుద్ధి చేసే పద్ధతికి లక్సెంబర్గ్‌కు చెందిన విలియం క్రోల్ పేటెంటు పొందేసరికి 1940 వచ్చింది. ఖనిజాన్ని బొగ్గుతో కలిపి క్లోరిన్ వాయువులో కాలుస్తారు. దిగిన ద్రవాన్ని కరిగిన మెగ్నీషియంతో కలిపితే బూడిదరంగు లోహం గుల్లగుల్లగా మిగులుతుంది. దాన్ని కరిగించి, సాగదీసి, వంచితే నేను. స్టీలును తొలిచే క్లోరిన్ చేతుల మీదుగానే పుట్టాను. నా ఒంటి మీద కూడా ఆక్సైడు పొర ఉంది. గీరుకుపోతే గాలి తగిలిన మరుక్షణం మళ్లీ కమ్ముకుంటుంది. ఈ ఉప్పుకు అది లొంగదు.

నన్ను ఇక్కడ నాటిన మనిషి ఈ ఊరివాడే. వారమంతా సెలవులకు వచ్చినవాళ్లకు ఎక్కడం నేర్పిస్తాడు, వీలు చిక్కిన రోజున పాత బోల్టులు మారుస్తాడు. తాడుకు వేలాడుతూ డ్రిల్లుతో కన్నం వేశాడు. బ్రష్షుతో తోమాడు, పంపుతో ఊదాడు, మళ్లీ తోమాడు, మళ్లీ ఊదాడు. ఆ తోమడం దగ్గర అతను చూపిన ఓపిక నేను మరిచిపోను. కన్నంలో చిటికెడు సున్నపు పొడి మిగిలినా జిగురు రాతిని పట్టదు, పొడిని పట్టుకుని వేలాడుతుంది. గొట్టంలోంచి జిగురు నింపి, నన్ను మెల్లగా తిప్పుతూ లోపలికి దించాడు. అంచుల్లోంచి పొంగిన జిగురును వేలితో నున్నగా సర్దాడు. అది గట్టిపడేదాకా ఎవరినీ తాకనివ్వలేదు. అతనికి దీనికి జీతం లేదు. నాలాంటివాళ్ల ఖరీదు స్టీలు కన్నా బాగా ఎక్కువ. థాయిటేనియం ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ విరాళాలు పోగుచేసి మమ్మల్ని తెప్పిస్తుంది, ఇలాంటి మనుషులు తమ చెమటతో నాటుతారు.

ఆ మధ్య ఒక సాయంత్రం తెలుగు మాట వినిపించింది. హైదరాబాదు నుంచి వచ్చిన అక్కాతమ్ముళ్లు. భువనగిరి గుట్ట మీద నేర్చుకున్నారట. ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందిన గుట్ట అది. అక్కడిది నున్నటి నల్లరాయి, పాదం ఒరిపిడి మీదే అంతా ఆధారం.

"అక్కా, మన గుట్ట మీద పట్టే దొరకదు. ఈడ ఎటు చెయ్యి పెట్టినా పట్టే!"

"ముచ్చట్లు తర్వాత పెట్టు. ముందుగాల తాడు తగిలియ్ రా. కాళ్లు వణుకుతున్నయ్ నీకు."

అతని కాళ్లు నిజంగానే వణుకుతున్నాయి. సుద్దపొడి చేత్తో కారాబైనరు అనే కొక్కేన్ని నా కంతలోకి తోశాడు, తాడు అందులో వేశాడు, టక్కుమంది. రెండడుగులు పైకి పోయాడు. చెమట చెయ్యి ఊడ మీంచి జారింది. అతని బరువంతా ఒక్క గుంజున నా మీదికొచ్చింది. నాలాంటివాళ్లు పక్కకు గుంజే 25 కిలోన్యూటన్ల బలాన్ని, అంటే దాదాపు రెండున్నర టన్నుల బరువును ఓర్చుకోవాలని ఐరోపా ప్రమాణం. ఇలా పడితే వచ్చే గుంజు మామూలుగా అందులో నాలుగో వంతు కూడా ఉండదు. నేను కదల్లేదు. కింద అక్క తాడు బిగబట్టి, "పట్టుకున్న, పట్టుకున్న" అంటూనే ఉంది. అతను ఊగుతూ నా వంక చూశాడు. ఎక్కేవాళ్లు మమ్మల్ని అంత శ్రద్ధగా చూడటం అరుదు.

చూడండి. నేను అడిగేది అదే. తాడు తగిలించే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. మసక బూడిదరంగులో, నట్టూ రేకూ లేకుండా, జిగురులో కూర్చున్న ఒంటికడ్డీ కన్ను కనిపిస్తే అది చాలావరకు మా జాతే. తళతళలాడే రేకూ నట్టూ కనిపిస్తే అది స్టీలు బోల్టు కావచ్చు, ఎక్కడం ఆపి, ఆ దారి సంగతి ఇక్కడి గైడ్లను అడగండి. ఏ గోడ మీద ఏ బోల్టు ఎప్పటిదో వాళ్లకే తెలుసు. సెలవు ముగించుకుని పడవెక్కే ముందు ఒక బోల్టు ఖరీదు వాళ్ల చేతిలో పెట్టి వెళ్లండి. ఈ కొండల మీద మార్చాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి.