ఒక పెళ్ళి పలకరింపు: టీకా తాత్పర్య సహితము

మూలము

"ఏరా, కాస్త ఒళ్ళు చేసినట్టున్నావు!"

అవతారిక

మా మేనత్త మనవరాలి పెళ్ళిలో, కల్యాణ మండపం గుమ్మం దగ్గర, పన్నీటి బుడ్లు పట్టుకున్న పిల్లలు వింటుండగా అత్త నన్ను చూసి పలికిన వాక్యమిది. అప్పటికి నేను చెప్పులు కూడా విప్పలేదు. కాళిదాసుకు టీకలు రాసిన మన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ఆ రెండు హామీలూ నేను ఇవ్వలేను. ఆయన ఎవరో అన్న మాటలకు టీక రాశాడు, నేను నన్ను అన్న మాటకు రాస్తున్నాను.

ప్రతిపదార్థము

ఏరా = ఓ మేనల్లుడా (48 ఏళ్ళు వచ్చినప్పటికినీ అని భావము); కాస్త = మిక్కిలి; ఒళ్ళు = శరీరము, విశేషించి పొట్ట; చేసిన = సంపాదించిన (సంపాదించినది ఎవరో పిమ్మట విచారింపబడును); అట్టు = వలె; ఉన్నావు = పదిమంది ఎదుట నిలిచి ఉంటివి.

వ్యాఖ్య

"కాస్త" అంటే నిఘంటువుల్లో కొంచెం. పెళ్ళిళ్ళలో ఇది విపరీతలక్షణ. నిజానికి కాస్త అంటే ఎంతో తేల్చడానికి శాస్త్రమూ అవస్థ పడింది. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తును ఎత్తుతోనే హెచ్చవేసి, దానితో భాగించమన్నవాడు బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ కెట్లే. వైద్యుడు కాడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1830లలో సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్క తేల్చే పనిలో ఉండగా ఇది దొరికింది. 1972లో అమెరికాలో ఏన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని నామకరణం చేశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దగ్గర గీత గీస్తే, మనవాళ్ళకు జబ్బులు ముందే వస్తున్నాయని మన దేశపు వైద్యులు 23 దగ్గరే గీశారు. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి మొదటి గీత 72 కిలోలు, రెండోది 66న్నర. ఈ ఆరు కిలోల సందులో ఉన్నవాడు ఒక పుస్తకంలో సరిగ్గా ఉన్నట్టు, ఇంకో పుస్తకంలో కాస్త ఒళ్ళు చేసినట్టు. నా ఎత్తూ అంతే, బరువు 84. కనుక అత్త వాడిన "కాస్త" పరమ మర్యాద.

"ఒళ్ళు" ఒడలు శబ్దభవము. ఇందులో తగువు లేదు.

"అట్టు" ఉత్ప్రేక్షావాచకం. మా బావ పదచ్ఛేదం మార్చి, 'చేసిన అట్టు ఉన్నావు' అని విడగొట్టి, పెనం మీద పోసిన అట్టులా గుండ్రంగా ఉన్నావని అర్థం చెబుతాడు. అది చెల్లదు. అట్టు పల్చగా ఉంటుంది. మూలంలో దిబ్బరొట్టె అని ఉంటే ఆలోచించవలసి వచ్చేది.

ఈ పదంలో పట్టించుకోవలసిన సంగతి వేరే ఉంది. 2004లో ద లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో అచ్చయింది: పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి ఇండెక్సూ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌కు 21.2. యాజ్ఞిక్ గారిని ఏ పెళ్ళిలో ఏ అత్తా ఒళ్ళు చేశావని అనదు. సన్నటి చేతులూ కాళ్ళూ వేసుకుని, లోపల కాలేయం చుట్టూ కొవ్వు దాచుకున్నవాళ్ళు మన బంతుల్లో ఎందరో ఉంటారు. వాళ్ళను పలకరింపులు తాకవు. అట్టు అన్నది కంటి తీర్పు, అంతే.

ఇక "చేసిన". టీక రాయడానికి పూనుకున్నది దీని కోసమే. చేయు ధాతువు సకర్మకం. కర్మ ఒళ్ళు. మరి కర్త ఎవరు? జ్వరం వస్తుంది, జుట్టు ఊడుతుంది, చూపు మందగిస్తుంది. అన్నీ వాటంతట అవే జరుగుతాయి. ఒళ్ళు మాత్రం మనిషి కూర్చుని చేస్తాడు, గారెలు చేసినట్టు. ఫిర్యాదు వ్యాకరణంలోనే ఉంది.

పూర్వపక్షం: నోరు కట్టుకుని నాలుగడుగులు నడిస్తే తగ్గదా, కనుక తిన్నవాడే కర్త. దీన్ని తీసిపారేయలేం. నూనె అయినా నెయ్యి అయినా గ్రాముకు 9 కిలోకేలరీలు. పప్పులో రోజూ మరో పది గ్రాములు ఎక్కువ పడితే ఏడాదికి 32,850. కిలో కొవ్వుకు 7,700 అనే వాడుక లెక్కన నాలుగు కిలోల పైమాట. అయితే ఒళ్ళు ఇంత బుద్ధిగా గుమాస్తా లెక్క రాయదు. అలా రాస్తే మా ఆఫీసులో సగం మంది ఈపాటికి తలుపులో పట్టేవారు కాదు. బరువు పెరిగినకొద్దీ ఆ బరువును మోయడానికి అయ్యే ఖర్చూ పెరిగి, ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

చరకుడు ఈ వివాదంలో మనం అనుకున్నంత కఠినుడు కాడు. సూత్రస్థానం 21వ అధ్యాయంలో లోకం నిందించే ఎనిమిది మందిని వరసపెట్టాడు: మరీ పొడుగు, మరీ పొట్టి, ఒళ్ళంతా వెంట్రుకలు, అసలు లేనివాడు, మరీ నలుపు, మరీ తెలుపు, మరీ లావు, మరీ బక్క. మేనత్తలు అప్పటికే ఉన్నారన్నమాట. లావుకు కారణాలు చెబుతూ అతిగా తినడం, తీపి, కొవ్వు, పగటి నిద్ర, వ్యాయామం లేకపోవడం అన్నీ చెప్పి, దిగులు లేకపోవడాన్నీ, ఎప్పుడూ సంతోషంగా ఉండడాన్నీ చేర్చాడు. ఈ చివరి రెండూ నాకు వర్తించవని గృహరుణం కాగితాలు సాక్ష్యం. జాబితాలో ఇంకొకటి ఉంది: బీజస్వభావం. తల్లిదండ్రుల నుంచి వచ్చేది. 1986లో డెన్మార్క్‌లో దత్తత వెళ్ళిన పిల్లలను పెద్దయ్యాక పరిశీలిస్తే, వాళ్ళ ఒళ్ళు అన్నం పెట్టి పెంచినవాళ్ళతో కాక కన్నవాళ్ళతో పోలింది. మా నాన్న పొట్ట, మా తాత పొట్ట గోడ మీద ఫొటోల్లో వరసగా ఉన్నాయి. అత్త వాళ్ళ కూతురూ, చెల్లెలూ కదా, ఎలా మరిచిపోయిందో తెలియదు.

కర్తలు ఇంకా ఉన్నారు. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగి, చాలు అనిపించే లెప్టిన్ తగ్గుతుంది. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక వైద్యంలో వాడే కొన్ని మందులు ఒళ్ళు తెస్తాయి. పట్టుదలతో పది కిలోలు తగ్గినవాడిని కూడా ఒళ్ళు వదలదు. కొవ్వు తగ్గగానే లెప్టిన్ పడిపోయి, కరువు వచ్చిందేమోనని ఒళ్ళు కంగారుపడి ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. తగ్గినవాళ్ళు మళ్ళీ పెరగడానికి పౌరుషం లేకపోవడమొక్కటే కారణం కాదు. ఇక నా విషయంలో అధికరణ కారకం కుర్చీ: రోజుకు తొమ్మిది గంటలు, ఇరవై ఏళ్ళుగా.

సిద్ధాంతం: ఇక్కడ క్రియ చేయు కాదు, చేయించు. ప్రేరణార్థకం. ప్రయోజక కర్త ఎవరో అదే రోజు బంతిలో తేలింది. నా విస్తరి ముందు నిలబడి "మావాడికి ఇంకో రెండు పూర్ణాలు వెయ్యవయ్యా, మొహమాటపడుతున్నాడు" అన్నది అత్తే. వద్దంటే మొహమాటం, చాలంటే పెళ్ళివారిమీద అలక. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసింది.

ధ్వని

మా నాయనమ్మ నోట ఈ వాక్యం పొగడ్త. హాస్టలు నుంచి వచ్చిన కుర్రాడు, టైఫాయిడ్ నుంచి లేచినవాడు, అత్తారింటి నుంచి వచ్చిన పిల్ల ఒళ్ళు చేశారంటే అన్నం ఒంటబట్టిందని, సుఖంగా ఉన్నారని. ఇప్పుడు వాచ్యార్థం అదే, వ్యంగ్యార్థం తలకిందులు.

విన్నవాడిలో కలిగేది వ్రీడ. నాట్యశాస్త్రం దాన్ని సంచారీ భావాల్లో చేర్చింది, వచ్చిపోయేదని. ఇది పోదు. అనుభావాలు ఇవి: ఫొటోగ్రాఫర్ "రెడీ" అనగానే ఊపిరి బిగబట్టడం, వెనక వరసలోకి జరగడం, చొక్కా పైకి వదిలేయడం, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ముందు దాని కాళ్ళు చూడడం, ఎవరైనా నవ్వేలోపు మనమే మన పొట్ట మీద జోకు వేయడం. ఈ చివరిది నాకు బాగా అలవాటు. ఆ రోజూ "ఈ ఒళ్ళు నీ చేతి వంటే కదత్తా" అన్నాను. అందరూ నవ్వారు. నేను వెళ్ళి స్తంభం పక్కన కూర్చున్నాను.

మగవాడిని కనుక ఇంతటితో వదిలారు. కాన్పయిన మూడో నెలలో మా చెల్లెలు ఇదే వాక్యం విని ఆ ఏడాది ఇంకే పెళ్ళికీ రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 25 గీత దాటిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళినవాళ్ళలో ఎందరికి ఈ పలకరింపు తగిలి ఉంటుందో లెక్క వేసుకోవచ్చు. ఆ సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగుతూ అత్త నా భుజం ఆసరా అడిగింది. "మా అత్తగారు నన్ను డ్రమ్ము అనేదిరా" అంది, ఏ ప్రసక్తీ లేకుండా.

తాత్పర్యము

నిన్ను చూసి రెండేళ్ళయిందిరా.

తెలుగునాట అత్తలకు, బాబాయిలకు, ఎదురింటివారికి టీకాకారుని విన్నపం: ఇకమీదట గుమ్మంలో తాత్పర్యమే చెప్పండి, మూలం చదవనక్కర్లేదు.