రెడిట్ పరిత్యాగ శాస్త్రం

సన్యాసం పుచ్చుకునేవాడికి ధర్మశాస్త్రాలున్నాయి. ఊరు విడిచేవాడికి వారశూలలు చెప్పే పంచాంగం ఉంది. పెద్ద కంపెనీ నడిపే చర్చావేదికను విడిచి, సభ్యులే నడుపుకునే చిన్న వేదికకు పోయేవాడికి మాత్రం మన పూర్వులు ఒక్క శ్లోకమైనా రాసిపెట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ గ్రంథం. పండితులు మన్నింతురు గాక, మోడరేటర్లు తొలగించకుందురు గాక.

అనుబంధ చతుష్టయం

శాస్త్రమన్నాక ముందు నాలుగు సంగతులు చెప్పాలి. విషయం: రెడిట్‌ను వదిలి లెమ్మీలో చేరడం. అధికారి, అంటే దీన్ని చదవడానికి అర్హుడు: "ఇక చాలు, పోతున్నా" అని ఒక్కసారైనా ప్రకటించి, ఆ ప్రకటనకు ఎన్ని ఓట్లొచ్చాయో చూసుకోవడానికి మళ్లీ వచ్చినవాడు. ప్రయోజనం: మనశ్శాంతి. సంబంధం: విషయానికీ ప్రయోజనానికీ సంబంధం ఉందో లేదో గ్రంథాంతంలో తేలుతుంది.

ప్రథమ సూత్రం: నేటి కోట నిన్నటి కాందిశీకుల పాక.

భాష్యం: 2010 ఆగస్టులో డిగ్ అనే సైటు తన వేషం మార్చింది. అది నచ్చని జనం పోతూ పోతూ డిగ్ మొదటి పేజీని రెడిట్ లింకులతో నింపేశారు. ఆ రెడిట్‌ను 2005లో స్టీవ్ హఫ్మన్, అలెక్సిస్ ఒహానియన్ మొదలుపెట్టారు. మరుసటి ఏడే కాండే నాస్ట్ అనే పత్రికల సంస్థకు అమ్మేశారు. డిగ్ మీద అలిగినవాళ్లు వచ్చి చేరడం దాని ఎదుగుదలకు బాగా కలిసొచ్చింది. కనుక ఈనాడు రెడిట్ మీద అలిగి వెళ్లేవాడు సంప్రదాయ విరోధి కాడు. పెద్దలు వేసిన బాటలోనే నడుస్తున్నాడు.

ద్వితీయ సూత్రం: అలకకు బిల్లు బీజం.

భాష్యం: బయటి యాప్‌లు రెడిట్ నుంచి సమాచారం తెచ్చుకునే దారిని ఏపీఐ అంటారు. ఏళ్ల తరబడి ఆ దారికి టోల్‌గేటు లేదు. 2023లో పెట్టారు. యాప్ పంపే వెయ్యి అభ్యర్థనలకు 24 సెంట్లు. వినడానికి చిల్లరే. అపోలో అనే యాప్ తయారుచేసిన క్రిస్టియన్ సెలిగ్ ఆ చిల్లరను కూడితే ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్లు తేలింది. ఆయన జూన్ 30తో దుకాణం కట్టేశారు.

అంతకుముందే, జూన్ 12న, ఈ ధరకు నిరసనగా రెడిట్‌లో ఒక్కో విషయానికి ఒక్కటిగా ఉండే ఉపవేదికలు ఎనిమిది వేలకు పైగా తలుపులు మూశాయి. అన్ని తలుపులు ఒక్కసారి పడేసరికి సైటే కాసేపు సొమ్మసిల్లింది. ఈ గొడవా గడిచిపోతుందని, అప్పటికి కంపెనీ పగ్గాలు పట్టి ఉన్న హఫ్మన్ తన ఉద్యోగులకు రాశారు. ఇందులో జ్యోతిషమేమీ లేదు. చాలామంది బంద్ 48 గంటలేనని ముందే చెప్పేశారు కదా! తెలుగునేల మీద నాలుగు బంద్‌లు చూసినవాడెవడైనా ఈ మాట చెప్పగలడు: ముగిసే వేళ ముందే ప్రకటించిన బంద్‌కు బెదిరిన సర్కారు లేదు.

జీతం లేకుండా ఈ ఉపవేదికలను కాసే మోడరేటర్లను హఫ్మన్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో వారసత్వపు భూస్వాములతో పోల్చారు. మద్రాసు రాష్ట్రం 1948లోనే ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది కాబట్టి జమీందారీ సంగతి మనకు కొంత తెలుసు. సెంటు భూమి లేక, పైసా శిస్తు రాక, అర్ధరాత్రి లేచి బూతులు ఏరిపారేసే జమీందారును మాత్రం ఆ చట్టం ఊహించలేదు.

తలుపులు తెరవక తప్పనప్పుడు ఫొటోల ఉపవేదికవారు ఓటింగు పెట్టి, ఇకపై జాన్ ఆలివర్ అనే హాస్యగాడి ఫొటోలు తప్ప మరేవీ పెట్టరాదని తీర్మానించారు. మా శాస్త్రంలో దీనికి నామస్మరణ సత్యాగ్రహమని పేరు.

తృతీయ సూత్రం: పరిత్యాగులు త్రివిధులు.

భాష్యం: మొదటివాడు ఘోషకుడు. పోతున్నానని పాతచోట చాటుతాడు. కొత్తచోట కూర్చుని పాతచోటు ఎంత చెడిపోయిందో చెబుతాడు. రెండు చోట్లా ఇతని ప్రసంగం ఒకటే.

రెండోవాడు దాహకుడు. వెళ్లేముందు తన పాత రాతలన్నీ చెరిపేసి, కంపెనీకి బుద్ధి చెప్పానని మీసం మెలేస్తాడు. ఆ బుద్ధి చేరేది మరెవరికో. వాషింగ్ మెషీన్ నీళ్లు వదలక, తడిబట్టలు లోపలే ఇరుక్కుపోయి, రాత్రిపూట ఫోన్‌లో వెతుక్కుంటూ ఒక ఇల్లాలు అక్కడికి వస్తుంది. అచ్చం ఆమె ప్రశ్నే ఉంటుంది, అదే మోడల్ నంబరుతో. దాని కింద జవాబు ఉండాల్సిన చోట 'తొలగించబడింది' అని ఉంటుంది. దాని కింద నలుగురు: "దేవుడివయ్యా, పనిచేసింది!"

మూడోవాడు ఆవశ్యకుడు. గత్యంతరం లేక పోతాడు. రెడిట్‌లో అంధుల ఉపవేదిక ఒకటుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాధనాలతో కంపెనీ సొంత యాప్ సరిగా పొసగక, వారిలో చాలామంది బయటి యాప్‌ల మీదే ఆధారపడ్డారు. అలాంటి యాప్‌లు కొన్నింటికి కంపెనీ తర్వాత మినహాయింపు ఇచ్చింది. అయినా ఆ ఉపవేదికవారు సొంతంగా ఒక లెమ్మీ సర్వర్ పెట్టుకున్నారు. ఒకరి దయ మీద నడిచే దారి ఎప్పుడు మూసుకుంటుందో వారికి తెలిసొచ్చింది. ముగ్గురిలో శాస్త్రం ఉత్తముడనేది ఇతణ్నే.

చతుర్థ సూత్రం: నిష్క్రమణ సులభం, ప్రవేశం దుర్లభం.

భాష్యం: 2019లో మొదలైన లెమ్మీ అచ్చం వేరు కాపురాల వ్యవహారం. ఎవరి సర్వర్ వారిదే, ఎవరి పొయ్యి వారిదే. 2018లో ప్రమాణంగా స్థిరపడ్డ యాక్టివిటీపబ్ అనే పద్ధతిలో గోడ మీదుగా మాటలు మాత్రం సాగుతాయి. చేరబోయేవాణ్ని ముందు "ఏ సర్వర్?" అని అడుగుతారు. అక్కడే సగంమంది వెనుదిరుగుతారని మా ఊహ. మిగిలినవాళ్లకు కొన్ని సర్వర్లలో ఒక ఖాళీ పెట్టె ఎదురవుతుంది: మీరెందుకు చేరాలనుకుంటున్నారో రాయండి. ఉద్యోగానికైనా అంత శ్రద్ధగా దరఖాస్తు రాయనివాడు పిల్లి ఫొటోలు చూడటానికి వ్యాసం రాస్తాడు.

గోడలున్నచోట గోడ పెంచుకోవడమూ ఉంటుంది. వలస జోరుగా సాగుతున్న ఆ జూన్‌లోనే బీహా అనే సర్వర్, ఎవరినైనా చేర్చుకునే లెమ్మీ.వరల్డ్‌తో మాటలు మానేసింది. అటునుంచి వచ్చే రద్దీని అదుపు చేయడానికి తమ మోడరేటర్లు చాలరని దాని గోడు. తోడికోడళ్ల శాస్త్రం చదివినవారికి ఈ ఘట్టానికి భాష్యం అక్కర్లేదు.

పూర్వపక్షం

"మనవాళ్లంతా ఉన్నచోటే కదా కబుర్లు! రెడిట్‌లో 'నీ బొంద' అనే పేరుతో తెలుగువాళ్ల గూడే ఉంది. నేనొక్కణ్నే పోయి ఎవరితో నవ్వను?" అని ఆక్షేపణ. ఇది బలమైనది. 2019లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసినప్పుడు మన దేశంలో ఎందరో మాస్టడాన్ అనే అలాంటి వేరు కాపురాల వేదికకు కదిలారు. కొన్నాళ్లకు చాలామంది పాతగూటికే చేరారు. అక్కడ స్వేచ్ఛ ఉంది, బంధువర్గం లేదు.

సిద్ధాంతం

ఆక్షేపణ నిజమే గానీ అసంపూర్ణం. బంధువర్గం ఎక్కడా తయారుగా దొరకదు. రెడిట్‌లోనూ జీతం లేనివాళ్లే చిమ్మి, ముగ్గేసి, వచ్చినవాణ్ని పలకరించి దాన్ని కూడగట్టారు. 2024 మార్చిలో ఆ కంపెనీ వాటా ఒక్కొక్కటి 34 డాలర్లకు బజారుకెక్కింది. చిమ్మినవారి పద్దు ఆ ధరలో ఎక్కడుందో గణితజ్ఞులు చెప్పాలి. సభ్యుల వేదికలో చాకిరీ తగ్గదు. లాభమూ ఉండదు, సర్వర్ బిల్లు ఉంటుంది. మనం ఊడ్చిన వాకిలిని మనకు చెప్పకుండా ఎవరూ అమ్మరు, అంతే తేడా. కనుక పాత ఖాతా మూసినవాడు సగమే వదిలినట్టు. కొత్తచోట ఎవరూ పట్టించుకోని ప్రశ్నకు జవాబు రాసిననాడు మిగతా సగం పూర్తవుతుంది.

సంబంధం సంగతి తేల్చలేదంటారా? విషయానికీ మనశ్శాంతికీ ఏ సంబంధమూ లేదని తేలింది. దొరికేది పెత్తనంలో చిటికెడు వాటా.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని పొద్దున చదివినవాడికి మరచిన పాస్‌వర్డ్ గుర్తొస్తుంది. సాయంత్రం చదివినవాడికి అదే పాస్‌వర్డ్ అన్నిచోట్లా పెట్టిన పాపం నశిస్తుంది. సర్వర్ ఖర్చుకు నెలకో వంద పంపినవాడికి పేజీ తొందరగా తెరుచుకుంటుంది. ఖాళీ ఉపవేదికలో రోజూ దీపం పెట్టినవాడు మరుజన్మలో మోడరేటరై పుడతాడు. ఇది వరమా శాపమా అన్నది టీకాకారులు తేల్చుకోవాలి. ఎక్కడ తేల్చుకోవాలో మాత్రం దయచేసి మళ్లీ ఓటింగు పెట్టవద్దు.